మొదటి మాట - మొదటి నమ్మకం

కొత్తవాళ్లను కలవాలంటే చాలామందికి గుండె దడదడలాడుతుంది. ఏం మాట్లాడాలి? తప్పు మాట్లాడితే నవ్వుతారేమో! బ్యాంకుకో, ఆఫీసుకో మొదటిసారి వెళ్లేటప్పుడు ఈ భయం మరీ ఎక్కువ.

ఒక ఊళ్లో 12 మంది ఆడవాళ్లు పొదుపు సంఘం పెట్టుకున్నారు. ఒక్కొక్కరు నెలకు 100 రూపాయలు దాచారు. 8 నెలలకు 9,600 రూపాయలు పోగయ్యాయి. కొందరికి గేదెలు కావాలి. కొందరికి కుట్టు మిషన్లు కావాలి. అందుకు బ్యాంకు లోను అడగాలి. తెల్లవారితే మేనేజరును కలవాలి. ఆ రాత్రి అందరూ కూర్చుని మాట్లాడుకున్నారు.

"పట్టుచీరలు కట్టుకుందామా అక్కా?" అని అడిగింది ఒకామె.

"ఉతికిన చీర చాలు చెల్లీ. ఆయన చూసేది మన చీరలు కాదు, మన పుస్తకాలు" అంది లీడరు.

"ఒక్క సంగతి మాత్రం చెప్పొద్దు" అంది ఒక పెద్దామె. "మనలో ఒకామె రెండు కిస్తీలు ఆలస్యంగా కట్టింది గదా! అది తెలిస్తే మొదటి రోజే చెడ్డపేరు వస్తుంది."

ఆలస్యం చేసిన ఆమె తల వంచుకుంది.

"పుస్తకంలో రాసి ఉంది గదా పిన్నీ! ఆయన చదవడా? దాచామని తెలిస్తే మన మాట ఇంకెప్పుడూ నమ్మడు. మనమే చెబుదాం" అంది లీడరు.

మర్నాడు ముగ్గురు బ్యాంకుకు వెళ్లారు. చెప్పిన టైముకు ముందే చేరారు. గుమాస్తా ఒక కాగితం ఇచ్చి, వేలిముద్ర కోసం సిరా డబ్బా ముందుకు జరిపాడు.

"పెన్ను ఇవ్వండి సార్. సంతకం పెడతాం" అంది లీడరు. ముగ్గురూ సంతకాలు పెట్టారు.

మేనేజరు కూర్చోమన్నాడు. పిన్ని వెనకాడింది. లీడరు ఆమెకు కుర్చీ జరిపింది. ముగ్గురూ కూర్చున్నారు. లీడరు నమస్కారం చేసి తన పేరు, ఊరి పేరు, సంఘం పేరు చెప్పింది. వచ్చిన పని చెప్పింది. ఆమె మాట్లాడుతుంటే మిగతా ఇద్దరూ అడ్డు రాలేదు.

"అందరూ కిస్తీలు సరిగా కట్టారా?" అని అడిగాడు మేనేజరు.

"ఒకామె రెండు నెలలు ఆలస్యం చేసింది సార్. బిడ్డకు జబ్బు చేసింది. తర్వాత మొత్తం కట్టేసింది. చూడండి" అని పుస్తకం తెరిచి చూపింది.

మేనేజరు పుస్తకాలన్నీ చూశాడు. "ఉన్నది ఉన్నట్టు చెప్పారు. లెక్కలు బాగున్నాయి. వచ్చే వారం మీ ఊరికి వస్తాను. సమావేశం చూస్తాను" అన్నాడు. ఏ కాగితాలు కావాలో చెప్పాడు. రెండో లీడరు అవన్నీ రాసుకుంది.

మేనేజరు ఊరికి వచ్చాడు. సభ్యులందరితో మాట్లాడాడు. తర్వాతి నెలలో లోను వచ్చింది.

బ్యాంకులతో సంఘాలను కలిపే పని నాబార్డు 1992లో 500 సంఘాలతో మొదలుపెట్టింది. ఇప్పుడు లక్షల సంఘాలు బ్యాంకు లోన్లు తీసుకుంటున్నాయి. సంఘాలకు ఇచ్చే 10 లక్షల రూపాయల దాకా లోనుకు తాకట్టు అడగకూడదు. ఇది రిజర్వు బ్యాంకు నియమం. పొలం కాగితాలు, బంగారం పెట్టక్కరలేదు. మరి బ్యాంకు ఏం చూస్తుంది? సంఘం నడిచే తీరు చూస్తుంది. ఇందుకే పంచసూత్రాలు ఉన్నాయి. క్రమంగా సమావేశాలు. క్రమంగా పొదుపు. సభ్యులకు అప్పులు ఇవ్వడం. సకాలంలో తిరిగి కట్టడం. పుస్తకాలు సరిగా రాయడం.

కొత్తవాళ్లను కలిసేటప్పుడు

1. చెప్పిన టైముకు వెళ్లాలి.
2. నమస్కారం చేసి, పేరు, ఊరు, వచ్చిన పని చెప్పాలి.
3. మొహం చూసి, నెమ్మదిగా మాట్లాడాలి. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి.
4. ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా వినాలి. అర్థం కాకపోతే మళ్లీ అడగాలి. అడగడం తప్పు కాదు.
5. తెలియనిది తెలియదని చెప్పాలి. చేయలేనిది చేస్తామని మాట ఇవ్వకూడదు.
6. మర్యాద ఇవ్వాలి. బతిమాలనక్కరలేదు. కుర్చీలో కూర్చోవడం పొగరు కాదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది అన్నారు పెద్దలు. మంచి మాట తలుపు తెరుస్తుంది. నిజమైన మాట ఆ తలుపు మూసుకుపోకుండా చూస్తుంది.

ఆలోచించండి - మాట్లాడండి

1. కిస్తీ ఆలస్యం సంగతి దాచి ఉంటే ఏమయ్యేది?
2. మీ సంఘంలోకి కొత్తామె వస్తే మొదట ఏం మాట్లాడతారు?

లెక్క చేయండి

15 మంది నెలకు 100 రూపాయల చొప్పున 6 నెలలు దాస్తే ఎంత అవుతుంది?

ఖాళీలు నింపండి. పైకి చదవండి.

నమస్కారమండీ. నా పేరు ............... మాది ............... ఊరు. మా సంఘం పేరు ............... నేను ............... పని మీద వచ్చాను.