అంగీకారము మొదలు ప్రకటనము వఱకు

పరిశోధనపత్రిక వ్యాసము నంగీకరించినట్లు లేఖ వచ్చిన వెంటనే వ్యాసకర్త ఆ వ్రాతప్రతిని మూలనుంచి వేఱొక రచనకు పూనుకొనుట పరిపాటి. అది తొందరపాటు. పరీక్షకులు చదివి అంగీకరించినది ఒక ప్రతి; పాఠకుని చేతికి వచ్చునది మఱియొక ప్రతి. ఈ రెంటి నడుమ సంపాదకుడు ఆకరసూచనలను పత్రికాపద్ధతికి మార్చును, సందేహములను వ్రాసి పంపును, ప్రచురణహక్కుల పత్రముపై సంతకము కోరును. పిమ్మట అక్షరముల కూర్పు జరిగి ప్రూఫులు వచ్చును.

ప్రూఫులయందు ముఖ్యముగా పరిశీలింపవలసినవి శాస్త్రవాక్యముల ఉదాహరణములు. తెలుగులిపిలో థకారధకారములకు భేదము నడిమి చుక్క మాత్రమే. అది రాలినచో ‘అర్థము’ ‘అర్ధమ’గును, శబ్దార్థవిచారము శబ్దములో సగమును గూర్చిన విచారమగును. ‘సకలము’న తాలవ్యము పడినచో సమగ్రమైనది ముక్కయగును. రెండును నిఘంటువునందున్న పదములే కావున కంప్యూటరు వీనిని పట్టజాలదు. యూనికోడులో తెలుగు 1991 నుండియే యున్నను, పాత ఫాంటులలో కూర్చిన వ్యాసములను దానిలోనికి మార్చునపుడు ఒత్తులు స్థానము తప్పుట నేటికిని కలదు.

వర్ణాగమము, వర్ణవిపర్యయము, వర్ణవికారము, వర్ణనాశము అని నిరుక్తసంప్రదాయము చెప్పిన నాలుగును ప్రూఫులలో కానవచ్చును. హింసార్థక ధాతువునందలి హకారసకారములు తారుమారై సింహశబ్దమును, ‘పృషత్’ పదమున తకారము లోపించి పృషోదరశబ్దమును సిద్ధించినవన్నచో అందులకు శిష్టప్రయోగము ప్రమాణము. అక్షరములు కూర్చువాని ప్రయోగమునకు ఆ గౌరవము లేదు.

అట్లని ప్రూఫు పునర్లేఖనమునకు తావు కాదు. పండితులు ఈ విషయమున తఱచుగా తప్పుదురు. క్రొత్త పేరా చేర్చినచో పుటలు కదలును. అంతకంటె చెఱుపేమనగా, పరీక్షకులు చూడని వాదము వారు చూచినట్లే ప్రకటితమగును. క్రొత్త ఆధారము దొరకినచో సంపాదకునికి తెలిపి, ప్రూఫుసమయమున చేర్చినదని వ్యాసాంతమున వేఱుగా ముద్రింపించుట మర్యాద.

అంతర్జాలమున వెలువడు పత్రికలు పెక్కు ప్రతివ్యాసమునకును డీ.ఓ.ఐ. అను స్థిరమైన గుర్తింపుసంఖ్యను ఇచ్చుచున్నవి. 2000లో ఆరంభమైన క్రాస్‌రెఫ్ వీనిని నమోదు చేయు సంస్థలలో నొకటి. ప్రకటనానంతరము పాఠమును చాటుగా దిద్దరాదు. సవరణను ప్రత్యేకముగా ప్రకటించి మూలవ్యాసమునకు ముడిపెట్టవలెను. అచ్చుపత్రికకు ఆ ముడి లేదు. వ్యాసమొక సంచికయందు, దాని తప్పొప్పుల పట్టిక మఱియొక సంచికయందు నుండును. ఉదాహరించువాడు మొదటిదానినే తెఱచును. రాలిన చుక్క అతని గ్రంథమున పాఠాంతరమై కూర్చుండును.