మార్కులొచ్చాక పిలిస్తే ఆలస్యమే

ప్రశ్న: హోసూరులో డిగ్రీ కాలేజీ అధ్యాపకురాలిని. మొదటి ఏడాది విద్యార్థులు కొందరికి నన్ను మెంటర్‌గా వేశారు. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లే ఎక్కువ. అడిగితే ‘బాగానే ఉంది మేడమ్’ అంటారు. తీరా చూస్తే అరియర్లు. ఏం చేయాలి?

జవాబు: అందరినీ వరసగా నిలబెట్టి అడిగితే ఎవరైనా అదే చెబుతారు. విడివిడిగా, తెలుగులోనే అడగండి. నోట్సు తెరిపించి, ఏ పేజీ దగ్గర అర్థం కావడం ఆగిపోయిందో చూపించమనండి. ఇది మొదటి ఇంటర్నల్ పరీక్షకు ముందే జరగాలి. మార్కులొచ్చాక పిలిస్తే అది సలహా కాదు, విచారణ.

మీ ప్రాంతంలో మరో చిక్కు ఉంది. తమిళం రాయడం కష్టమని దాన్ని పూర్తిగా పక్కన పెట్టే పిల్లలుంటారు. తమిళనాడు ప్రభుత్వోద్యోగం మీద ఆశ ఉన్నవాళ్లకు అది నష్టం. 2021 డిసెంబరు ఉత్తర్వుతో, ఆ ఉద్యోగాలకు జరిపే టీఎన్‌పీఎస్సీ పరీక్షల్లో పదో తరగతి స్థాయి తమిళ పేపరు తప్పనిసరైంది. అందులో కనీసం 40 శాతం రావాలి. రాకపోతే మిగతా పేపర్లలో ఎంత బాగా రాసినా లాభం లేదు. ఈ సంగతి మొదటి ఏడాదే చెప్పండి. మూడేళ్లలో నేర్చుకోలేనిదేమీ కాదు. సిప్‌కాట్ పారిశ్రామికవాడ కంపెనీల వైపు చూసేవాళ్లకైతే ఇంగ్లీషులో మాట్లాడే సాధన ముఖ్యం.

డబ్బు సంగతి పిల్లలు తమంతట తాము ఎత్తరు. ఆరో తరగతి నుంచి ప్లస్ టూ దాకా ప్రభుత్వ బడిలో చదివినవాళ్లకు నెలకు 1,000 రూపాయలు వస్తాయి: అమ్మాయిలకు పుదుమై పెణ్ పథకం, అబ్బాయిలకు తమిళ్ పుదల్వన్ పథకం కింద. అందుతోందో లేదో ఈ వారమే కనుక్కోండి.