మాచిపత్రి వేఱు, చలిజ్వరపు మందు వేఱు

1. చేమంతి, పొద్దుతిరుగుడు, గుంటగలగర మొదలగునవి యన్నియు నొక్క కుటుంబమునకు జేరిన మొక్కలని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ కుటుంబములోనిదే ఆర్టిమీసియా యను తెగ. అందలి యొక మొక్క మనకు మిక్కిలి పరిచితము. అది వినాయక చవితినాటి ఇరువదియొక్క పత్రులలో నొకటియైన మాచిపత్రి. అదే తెగలోని మఱియొక మొక్క చీనాదేశపు ప్రాచీన వైద్యమునుండి వెలువడి, చలిజ్వరపీడితులు లక్షలకొలది బ్రతుకుటకు కారణమైనది. దాని శాస్త్రీయనామము ఆర్టిమీసియా యాన్యువా, చీనాభాషలో చింగ్‌హావ్. ఈ రెంటికి గల భేదమును పురపాలక, తాలూకా, మండలోద్యోగులు చక్కగా నెఱిగియుండవలెను. పేరు తారుమారైనచో మందు తారుమారగును. మందు తారుమారైనచో రోగి ప్రాణమునకే ముప్పు.

2. చింగ్‌హావ్ ఏకవార్షికము. విత్తు మొలచి, పూచి, ఒక్క సంవత్సరములోనే చచ్చును. అనుకూలమైన నేలలో మనిషి యెత్తునకు మించి పెరుగును. ఆకులు సన్నముగా చీలి యుండును. నలిపినచో ఘాటైన వాసన వచ్చును. పువ్వులు మిక్కిలి చిన్నవి, పసుపుపచ్చనివి. ఆకుల మీదను పూల మీదను కంటికి కనబడని సూక్ష్మగ్రంథులు కలవు. మందునకు మూలమైన ఆర్టిమిసినిన్ అను పదార్థము వానియందే పుట్టును. ఎండుటాకు బరువులో నది సాధారణముగా నూటికి ఒక వంతునకు లోపడియే యుండును. విత్తనమునుబట్టి, నేలనుబట్టి, కోత కాలమునుబట్టి మాఱుచుండును.

3. క్రీస్తుశకము నాలుగవ శతాబ్దమున గే హోంగ్ అను చీనా పండితుడు, చలిజ్వరమునకు ఈ మొక్కను నీట నానబెట్టి పిండి ఆ రసమును త్రావవలెనని తన వైద్యగ్రంథమున వ్రాసెను. 1967 మే 23వ తేదీన చీనా ప్రభుత్వము మలేరియాకు క్రొత్త మందు కనుగొనుటకై యొక రహస్య పరిశోధన నారంభించెను. 1969లో అందు నియుక్తురాలైన తూ యూయూ అను శాస్త్రజ్ఞురాలు పూర్వగ్రంథములను శోధించి అనేక మూలికలను పరీక్షించెను. చింగ్‌హావ్ ఒకసారి ఫలించినట్లు తోచెను, మఱియొకసారి ఫలింపలేదు. అప్పుడామె గే హోంగ్ వాక్యమును మరల చదివి, అందు కాచుట అను మాటయే లేదని గ్రహించెను. వేడిమిచే మందు చెడుచున్నదేమో యని తలచి, సుమారు 35 డిగ్రీల వేడికే మరగు ఈథరుతో సారమును తీసెను. 1971 అక్టోబరులో ఆ సారము ఎలుకలలోని జ్వరక్రిములను పూర్తిగా హరించెను. 1972లో ఆమెయు, సహోద్యోగులును రోగులకు ఇచ్చుటకు ముందు తామే దానిని పుచ్చుకొనిరి. ఈ కృషికై ఆమెకు 2015లో నోబెల్ బహుమానము లభించెను.

4. ఈ చరిత్రను విని, ఆకు కాచి త్రాగిన చాలునని యనుకొనుట పొరపాటు. ఆర్టిమిసినిన్ నీటిలో చక్కగా కరుగదు. ఒక గిన్నె కషాయములో నెంత మందు దిగినదో చెప్పుట కెవరికిని సాధ్యము కాదు. కొలది లోపించిన మందు జ్వరమును కొంత తగ్గించి రోగిని మభ్యపెట్టును. క్రిములు మాత్రము రక్తమున మిగులును. ఈ హేతువులచేతనే ప్రపంచారోగ్యసంస్థ 2019లో ఈ మొక్క ఆకును, కషాయమును మలేరియా చికిత్సకుగాని నివారణకుగాని వాడుటను సమర్థింపలేదు.

5. శుద్ధమైన మందునకును ఒక పరిమితి కలదు. అది క్రిములను మిక్కిలి వేగముగా చంపును గాని, కొన్ని గంటలలోనే శరీరమును వీడిపోవును. కావున మిగిలిన క్రిములను హరించుటకై చిరకాలము నిలుచు రెండవ మందును జతచేయుదురు. 2013 నాటి మన జాతీయ చికిత్సావిధానము ప్రకారము, ఫాల్సిపారం జ్వరమునకు ఈశాన్య రాష్ట్రములలో ఆర్టిమీథర్, ల్యూమిఫాంట్రిన్ కలిసిన మాత్రలును, తక్కిన ప్రాంతములలో మూడు దినముల ఆర్టిసునేట్‌తోపాటు సల్ఫాడాక్సిన్, పైరిమెథమిన్ కలిసిన మందును విధింపబడినవి. ఒంటరి మందును వాడినచో క్రిములు దానికి అలవాటుపడును. కంబోడియా పశ్చిమభాగమున ఇట్టి నిరోధము పొడచూపినట్లు 2008లో ప్రకటింపబడెను. పిమ్మట ఆఫ్రికాలోని రువాండా, ఉగాండాలలోను కనబడెను. ఈ మందు వ్యర్థమైనచో దీనికి దీటైనది సిద్ధముగా లేదు.

6. ఈ వ్యాసకర్త తన తప్పిదము నొకటి యిచట చెప్పుకొనవలసియున్నది. మన్యప్రాంతములకై యొక కరపత్రమును తెనిగించునపుడు, ఆర్టిమీసియా యను మాటకు నిఘంటువులో కనబడిన మాచిపత్రి యను పేరునే వ్రాసెను. అచ్చునకు పంపుటకు ముందు నింట చదివి వినిపింపగా, వృద్ధురాలైన తల్లి, “అట్లయిన ఆసుపత్రికి పోనేల, నాయనా? దొడ్డిలోని మాచిపత్రియే కాచి త్రాగరా?” యని యడిగెను. ఆ ప్రశ్నకు మాఱుపలుక లేకపోయెను. మాచిపత్రిలో ఆర్టిమిసినిన్ చెప్పుకొనదగినంత లేదు. ఆ మాటను కొట్టివేసి, మందు పేరునే తెలుగు లిపిలో నుంచెను. పండితుల కది కర్ణకఠోరముగా నుండవచ్చును. కాని చలిజ్వరముతో వణకు బిడ్డ తల్లికి అది దారి తప్పింపదు.

7. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులోనే రొనాల్డు రాస్ దోమ కడుపులో ఈ క్రిమిని కనుగొనెను. ఆ కీర్తి గల తెలుగునాట ఉద్యోగులు ఈ క్రింది విషయములను గమనింతురు గాక.

(అ) జ్వరము గలవారి రక్తమును ఆ దినముననే పరీక్ష చేయింపవలెను. పరీక్ష లేనిదే ఏ జ్వరమో తెలియదు. వైవాక్స్ జ్వరమునకు చికిత్స వేఱు.

(ఆ) మూడు దినముల మాత్రలను పూర్తిగా మ్రింగించవలెను. రెండవనాడు జ్వరము తగ్గినదని మిగిలిన మాత్రలను దాచుకొనుట పల్లెలలో సామాన్యము. ఆశా కార్యకర్త మూడవనాడు తప్పక ఇంటికి పోయి చూడవలెను.

(ఇ) నోటి ద్వారా తీసికొను ఆర్టిమిసినిన్ జాతి ఒంటరి మాత్రలు మన దేశమున 2009లో నిషేధింపబడినవి. అంగళ్ళలో కనబడినచో ఔషధ తనిఖీ అధికారికి తెలుపవలెను.

(ఈ) సంతలలో చలిజ్వరమునకని ఆకుపొడి, కషాయము అమ్మువారిని వారింపవలెను. నాటువైద్యులను మాత్రము అవమానింపరాదు. పల్లెలో రోగి మొదట పోవునది వారి యొద్దకే. రోగిని వెంటనే పరీక్షకు పంపునట్లు వారిని ఒప్పించినచో మేలు కలుగును.

(ఉ) మాట తడబడుట, మూర్ఛ, ఎడతెగని వాంతులు ఉన్నచో క్షణమాలస్యము చేయక పెద్ద ఆసుపత్రికి చేర్పవలెను. అట్టివారికి ఆర్టిసునేట్ సూదిమందు ప్రాణరక్షకము.

8. పూజకు తెచ్చిన మాచిపత్రి పూజార్హమే. దాని గౌరవమునకు లోపము లేదు. జ్వరమునకు మాత్రము రక్తపరీక్షయు, జతకూర్చిన మాత్రలును కావలెను. ఈ భేదమును గ్రామచావడిలో నొక్కసారి విశదముగా చెప్పిన ఉద్యోగి, పది కరపత్రములు చేయలేని పనిని చేసినవాడగును.