ఉద్యోగంలో చేరితే పింఛను పోతుందా?

ప్రశ్న: మా అబ్బాయికి చిన్నప్పుడే కాలు చచ్చుబడింది. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 65 శాతం అని ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 6,000 పింఛను వస్తోంది. మేముండే పట్టణంలోనే సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో నెలకు 9,000కు రమ్మంటున్నారు. నేను జాకెట్లు కుడితే రెండు వేలు వస్తాయి. ఇంట్లో మేమిద్దరమే. పింఛను ఆపేస్తారా?

జవాబు: పనికి వెళ్తున్నాడన్న ఒక్క కారణంతో ఆపరమ్మా. షాపులో కూర్చుని స్క్రూలు బిగించినంత మాత్రాన కాలు బాగైపోదు కదా, సర్టిఫికెట్‌లోని శాతమూ మారదు. పింఛనుకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి, అది ఉంది.

చూసేది ఇంటిల్లిపాది ఆదాయం. పట్టణాల్లో నెలకు 12,000, పల్లెల్లో 10,000 దాటకూడదు. మీ ఇద్దరిదీ కలిపితే 11,000. ఇప్పటికి ఇబ్బంది లేదు. అదే పల్లెలో ఉంటే ఇదే లెక్క తలకిందులయ్యేది. చిక్కంతా జీతం పెరిగినప్పుడే: రెండు వేలు పెరిగితే ఆరు వేలు పోయే ప్రమాదం. ఇది సరైన పద్ధతని నేననుకోను. అలాగని జీతం దాచమనీ చెప్పను. ఇంట్లో ఎవరికైనా ప్రభుత్వోద్యోగం వచ్చినా, ఆదాయపు పన్ను కట్టినా అర్హత పోతుంది.

నన్నడిగితే చేరమనండి. పని నేర్చినవాడు రేపు సొంత కొట్టు పెట్టుకోవచ్చు. జీతం చీటీలు మాత్రం దాచి ఉంచండి. ఎప్పుడైనా నోటీసు వస్తే వాటి నకళ్లతో మున్సిపల్ కమిషనర్‌కు అప్పీలు పెట్టి, రసీదు అడిగి తీసుకోండి.