నలభై శాతం అంటే ఎంత? హవాయి చలికాలాన్ని చదువుదాం

“ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు సగటు కన్నా తక్కువ వర్షం పడే అవకాశం 40 శాతం.” హవాయి దీవులకు ఇచ్చే మూడు నెలల వాతావరణ అంచనాలో ఇలాంటి వాక్యం ఉందనుకోండి. మనలో చాలామంది ఏమనుకుంటాం? “నలభయ్యేనా? సగం కూడా లేదు కదా, వదిలెయ్” అంటాం. ఆ 40 ఎక్కడి నుంచి వస్తుందో, దాన్ని పట్టుకుని ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో ఈ వ్యాసంలో చూద్దాం. నేను హవాయినే ఎందుకు ఎంచుకున్నానంటే, చలికాలం చివర్లో అక్కడ పడే వాన మీద తాగునీరు, పంట, చెరువు కట్టల భద్రత అన్నీ ఆధారపడి ఉంటాయి.

ముందు చోటు సంగతి. హవాయిలో పెద్ద దీవి మీదున్న హీలో పట్టణం, మన ఆదిలాబాద్ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. రెండూ 19.7 డిగ్రీల ఉత్తరానికి దగ్గరే. కానీ హీలోలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైనే వాన పడుతుంది. అదే దీవికి అవతలి తీరంలో ఉన్న కవైహేలో 300 కూడా దాటదు. రెండింటి మధ్య దూరం వంద కిలోమీటర్లు కూడా లేదు. కారణం మౌనాకియా, మౌనాలోవా పర్వతాలు. రెండూ 4,000 మీటర్లు దాటినవే. ఈశాన్యం నుంచి వచ్చే వ్యాపార పవనాలు ఆ కొండలకు తగిలి పైకి లేచి, చల్లబడి, తడంతా ఇవతలి వైపే దించేస్తాయి. అవతలి వైపుకు దిగేది పొడి గాలే.

మరి అవతలి వైపు వాళ్లకు వానెలా? హవాయి సంప్రదాయంలో ఏడాదికి రెండే కాలాలు. ఎండాకాలం కౌ, వానాకాలం హోఓయిలో. వానాకాలం సుమారుగా అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు. అప్పుడు వ్యాపార పవనాలు అప్పుడప్పుడు సన్నగిల్లుతాయి. ఆ సందులో ఉత్తరం నుంచి శీతల వాతావరణ రేఖలు, పడమటి వైపు నుంచి ‘కోనా’ తుపానులు వస్తాయి. కోనా అంటే గాలి మరుగు వైపు అని అర్థం. పొడి తీరాల్లో చాలా చోట్ల ఏడాది వానలో ఎక్కువ భాగం ఇలాంటి కొద్దిపాటి తుపానుల నుంచే వస్తుంది. నాలుగు రావాల్సిన చోట రెండే వస్తే ఆ ఏడు కరువే. (పెద్ద దీవిలో కాఫీ పండే కోనా ప్రాంతం మాత్రం దీనికి రివర్స్. అక్కడ వేసవిలోనే వాన ఎక్కువ.)

ఆ తుపానులు ఎన్ని వస్తాయో మూడు నెలల ముందు ఎవరూ లెక్కపెట్టి చెప్పలేరు. కానీ ఎటు మొగ్గు ఉందో చెప్పొచ్చు. దానికి ఆధారం ఎల్‌నినో. భూమధ్యరేఖ దగ్గర మధ్య, తూర్పు పసిఫిక్ నీళ్లు మామూలు కన్నా 0.5 డిగ్రీలో అంతకు మించో వేడెక్కి, అలాగే నెలల తరబడి ఉంటే ఎల్‌నినో అంటారు. ఆ వేడికి అక్కడ గాలి జోరుగా పైకి లేస్తుంది. లేచిన గాలి ఎక్కడో ఒకచోట దిగాలి కదా! చలికాలంలో అది దిగే చోట్లలో హవాయి పైనున్న ఆకాశం ఒకటి. దిగే గాలి నొక్కుకుపోయి వేడెక్కుతుంది, పొడిబారుతుంది. థర్మోడైనమిక్స్‌లో మనం చదివిన అడియాబాటిక్ కంప్రెషన్ ఇదే. మేఘం ఎదగడానికి జాగా ఉండదు, తుపానుల దారీ మారుతుంది. 1998 మొదటి నెలల్లో హవాయి ఎండిపోవడం వెనక ఉన్నది ఇలాంటి బలమైన ఎల్‌నినోనే.

ఈ కథకు మన దేశంతో పాత లింకు ఉంది. 1904 నుంచి 1924 వరకు భారత వాతావరణ శాఖకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్ గణిత శాస్త్రజ్ఞుడు. మన రుతుపవనాలు ఎందుకు తప్పుతున్నాయో తెలుసుకోవాలని ప్రపంచమంతటి నుంచి పీడనం, వాన లెక్కలు తెప్పించి కోరిలేషన్లు కట్టించాడు. పసిఫిక్‌కు ఇటు పీడనం పెరిగితే అటు తగ్గుతుందని, ఆ ఊగిసలాటకు ‘సదరన్ ఆసిలేషన్’ అని పేరు పెట్టాడు. సముద్రపు వేడికీ ఈ ఊగిసలాటకూ ముడి వేసి చూపింది 1969లో జాకబ్ బ్యెర్క్‌నెస్.

ఇక మన 40 దగ్గరికి వద్దాం. గత ముప్పై ఏళ్ల ఫిబ్రవరి–ఏప్రిల్ వానల్ని తక్కువ నుంచి ఎక్కువకు వరసగా పేర్చి మూడు సమాన భాగాలు చేస్తారు. తక్కువ, మామూలు, ఎక్కువ. ఏ సమాచారమూ లేకపోతే ఒక్కో భాగానికి 33 శాతం. అంటే 40ని పోల్చాల్సింది 50తో కాదు, 33తో. అది 7 పాయింట్ల మొగ్గు.

ఏడు పాయింట్లతో ఏమొస్తుంది? పెద్ద దీవిలో చాలా ఇళ్లకు కుళాయి నీళ్లుండవు. కప్పు మీద పడిన వానను ట్యాంకులో పట్టుకుని వాడుకుంటారు, చాలకపోతే ట్యాంకరు పిలవాలి. ఒక ఊహా లెక్క వేద్దాం. ముందే జాగ్రత్త పడితే ఖర్చు 100 డాలర్లు. పడకుండా వాన తగ్గితే నష్టం 300 డాలర్లు. జాగ్రత్త పడితే ఆ నష్టం మొత్తం తప్పుతుందనుకుందాం. 33 శాతం అయితే పడినా పడకపోయినా సమానమే. 40 శాతం అయితే, అలాంటి పది ఏళ్లలో జాగ్రత్తకు అయ్యేది 1,000. ఊరుకుంటే పోయేది 4 × 300, అంటే 1,200. జాగ్రత్తే లాభం. అదే జాగ్రత్తకు 150 అవుతుందంటే 40 శాతానికి కూడా ఊరుకోవడమే మేలు. సూత్రం ఒక్కటే: ఖర్చును నష్టంతో భాగించండి, అవకాశం దానికన్నా ఎక్కువైతే కదలండి. అంచనా ఒకటే అయినా ఇద్దరి నిర్ణయాలు వేరుగా ఉండొచ్చు, రెండూ సరైనవే కావొచ్చు.

అయితే ఈ సూత్రాన్ని వాడకూడని చోటు కూడా ఉంది. మూడు నెలల అంచనా మొత్తం గురించి చెబుతుంది, ఒక్క రోజు గురించి చెప్పదు. 2018 ఏప్రిల్ 14, 15 తేదీల్లో కవాయి దీవిలోని వైపాలో 24 గంటల్లో 1,262 మిల్లీమీటర్లు పడింది. హైదరాబాదులో ఏడాదంతా కురిసేదానికన్నా అది ఎక్కువ.

అదే దీవిలో 2006 ఫిబ్రవరి మూడో వారం నుంచి ఏప్రిల్ మొదటి రోజుల దాకా వానలు వదల్లేదు. మార్చి 14 తెల్లవారుజామున కలోకో చెరువు కట్ట తెగి ఏడుగురు చనిపోయారు. అది 1890 ప్రాంతంలో చెరకు తోటల కోసం కట్టిన మట్టికట్ట. తర్వాత దర్యాప్తులో బయటపడింది ఏంటంటే, అదనపు నీళ్లు పోవడానికి ఉండాల్సిన అలుగు అక్కడ లేదు. మన ఊళ్లలో ఏ చెరువు దగ్గరికెళ్లినా పెద్దవాళ్లు ముందు చూపించేది అలుగునే. అలుగు పారాలి, కట్ట నిలవాలి. ఆ శీతాకాలం పొడిగా ఉండే అవకాశం 40 అన్నా, 60 అన్నా అలుగు అవసరం ఒక్క అంగుళం కూడా తగ్గదు. ప్రాణాలతో ముడిపడిన చోట నష్టం అంత పెద్దది కాబట్టి, ఏ శాతానికైనా జాగ్రత్త పడాల్సిందే. ట్యాంకరు ఎప్పుడు పిలవాలన్నది అంచనా చూసి తేల్చుకోవచ్చు. అలుగు ఎంత వెడల్పుండాలన్నది మాత్రం రాగల అతి పెద్ద వాన చూసి తేల్చాలి. సివిల్ మిత్రులు దీన్ని నాకన్నా బాగా చెప్పగలరు.

మన ఐఎండీ కూడా రుతుపవనాల అంచనాను శాతాల్లోనే ఇస్తుంది. ఈసారి అది వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుని చూడండి. ఈ శాతాన్ని దేనితో పోల్చాలి? నా ఖర్చెంత, నా నష్టమెంత? ఇది ట్యాంకరు లాంటి నిర్ణయమా, అలుగు లాంటి నిర్ణయమా? మీ ఊరి చెరువుకు అలుగు ఎక్కడుందో తెలియకపోతే, సెలవులకు వెళ్లినప్పుడు ఒకసారి చూసి రండి.