లింకర్ మాట ముందు విను



సోర్స్ కోడ్ తెచ్చి కంపైల్ చేస్తుంటే ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అని వస్తోందనీ, లైబ్రరీని ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా పోవడం లేదనీ రాశావు. పోదు. లైబ్రరీ లేదని ఆ ఎర్రర్ చెప్పడం లేదు మరి. ఎర్రర్ ఇచ్చింది కంపైలరా, లింకరా, ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు పనిచేసే లోడరా అన్నది తేల్చుకోకుండా దేన్నీ ముట్టుకోకూడదంటాను నేను.

హెడర్ ఫైలు దొరకలేదన్నది కంపైలర్ మాట. ఉబుంటులో ‘డెవ్’ అని, ఫెడోరాలో ‘డెవెల్’ అని పేరు చివర ఉండే ప్యాకేజీ వేసుకుంటే చాలావరకు తీరుతుంది. ‘క్యానాట్ ఫైండ్’ అని లైబ్రరీ పేరు చూపిస్తే లింకర్‌కు ఆ ఫైలే కనబడలేదు. నీకు వచ్చింది వేరు. లింకర్ నువ్విచ్చిన ఫైళ్లన్నీ చూసింది, ఆ ఫంక్షన్ మాత్రం వాటిలో దొరకలేదు. లైబ్రరీ డిస్క్ మీద ఉన్నా కమాండులో చెప్పకపోతే లింకర్ దాని జోలికి పోదు. చెప్పినా వరస కుదరాలి. లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుతూ, స్టాటిక్ లైబ్రరీ ఎదురైనప్పుడు అప్పటికి తేలని పేర్లకు కావలసిన ముక్కలే తీసుకుని ముందుకు పోతుంది. అందుకే లైబ్రరీని, దాన్ని వాడుకునే ఆబ్జెక్ట్ ఫైలు తర్వాతే రాయాలి. 2011లో ఉబుంటు 11.10 ‘యాజ్ నీడెడ్’ అనే లింకర్ ఆప్షన్‌ను డిఫాల్ట్ చేశాక షేర్డ్ లైబ్రరీలకూ ఈ పట్టింపు వచ్చింది. వరస తప్పినా అంతదాకా నడిచిపోయిన మేక్‌ఫైళ్లు అక్కడ మొరాయించాయి. వాటిలో లోపించింది లైబ్రరీ కాదు.

వరస కూడా సరిగ్గానే ఉంటే పేర్లు పోల్చి చూడు. 2015లో జీసీసీ కంపైలర్ 5వ వెర్షన్ సీ ప్లస్ ప్లస్ స్ట్రింగ్ అమరికను మార్చింది. పాత పద్ధతిలో కట్టిన లైబ్రరీలో, కొత్త కంపైలర్ వెతికే పేరు ఉండదు. ఎర్రర్‌లో ‘సీఎక్స్ఎక్స్11’ కనబడితే ముందు దీన్నే అనుమానించు. లైబ్రరీ బయటికి ఏ పేర్లు ఇస్తోందో ‘ఎన్ఎమ్’ కమాండు చూపిస్తుంది.

ఇంత తర్కమెందుకు, ఎవరో రాసిన కమాండు అతికిస్తే పనైపోతోంది కదా అంటావేమో. ఒక ఉదాహరణ చూడు. ఉబుంటు 22.04లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ లైబ్రరీ 3వ వెర్షన్ మాత్రమే వస్తుంది. 1.1 వెర్షన్ కోసం కట్టిన ప్రోగ్రామ్‌ను నడిపితే 1.1 లైబ్రరీ ఫైలు లేదని లోడర్ అంటుంది. చాలామంది 3కు 1.1 పేరుతో సిమ్‌లింక్ పెట్టేస్తారు. అప్పుడు లోడర్ లోపలి సింబల్ వెర్షన్లు చూసి మళ్లీ కాదంటుంది. ఆ అంకె మారిందే పాతదానితో పొసగదని చెప్పడానికి! ప్రోగ్రామ్‌ను 3తో మళ్లీ కంపైల్ చేయడమే సరైన దారి. ‘ఎల్‌డీ లైబ్రరీ పాత్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను సెట్ చేస్తే కొన్నిసార్లు పని జరుగుతుంది, నిజమే. పరీక్షకు వాడుకో, కానీ బాష్ ఆర్‌సీలో రాసి ఉంచితే ఆ షెల్ నుంచి నడిచే ఇతర ప్రోగ్రాములూ ఆ ఫోల్డర్‌లోనే ముందు వెతుకుతాయి. యూజర్ లోకల్‌లో పెట్టిన లైబ్రరీ లోడర్‌కు కనబడకపోతే ‘ఎల్‌డీ కాన్ఫిగ్’ నడిపి చూడు.

కంటెయినర్లు వచ్చాక ఇదంతా ఎందుకని అడుగుతావేమో, కంటెయినర్ ఇమేజ్ కట్టేవాళ్లకూ ఇదే లింకర్.

ఈసారి రాసేటప్పుడు చివరి ఎర్రర్ ఒక్కటే కాకుండా, మొట్టమొదటి ఎర్రర్ లైనూ లింక్ కమాండు మొత్తమూ పంపు.