పాత పాటల పుస్తకానికి వయసు కట్టడం ఎలా?

పోయిన సంక్రాంతి సెలవుల్లో అటక మీది ట్రంకుపెట్టె దింపితే, అందులో తాతయ్య దాచుకున్న సినిమా పాటల పుస్తకాలు బయటపడ్డాయి. మన బ్యాచ్‌లో చాలామంది వీటిని చూసి ఉండరు. అప్పట్లో సినిమా హాళ్ల దగ్గర అమ్మేవాళ్లు. నాలుగైదు కాగితాలు మడిచి పిన్ను కొట్టిన చిన్న పుస్తకం. ముందు తారాగణం, తర్వాత కథ, ఆపైన పాటలు. కథ మాత్రం సగమే! అసలు పట్టు దగ్గరికి రాగానే మిగతాది వెండితెర మీద చూడమని ఆపేస్తారు.

వాటిల్లో ‘మాయాబజార్’ పుస్తకం ఒకటి ఉంది. “ఇది మొదటి రిలీజుకి కొన్నదిరా, నాకప్పుడు పదకొండేళ్లు” అన్నారు తాతయ్య. పుస్తకం మీద తేదీ లేదు. పాత సినిమాలు మళ్లీ మళ్లీ విడుదలయ్యేవి కాబట్టి పుస్తకాలూ, పోస్టర్లూ మళ్లీ అచ్చయ్యేవి. మరి ఇది ఎప్పటిది? అది తేల్చే క్రమంలో నేర్చుకున్నవే ఈ వ్యాసం. పాత సినిమా కాగితం ఏది సేకరించినా ఇవి పనికొస్తాయి.

మొదటిది, ధర. 1957 ఏప్రిల్ 1న మన దేశంలో దశాంశ నాణేలు వచ్చాయి. అంతకుముందు రూపాయికి 16 అణాలు, ఆ తర్వాత 100 నయా పైసలు. 1964 జూన్ 1 నుంచి ‘నయా’ పోయి ఉత్త పైసలు మిగిలాయి. అంటే ధర అణాల్లో ఉంటే 1957 దాకా, ‘న.పై.’ అని ఉంటే 1957–64 మధ్య, కాస్త అటూ ఇటూగా. ‘మాయాబజార్’ విడుదలైంది 1957 మార్చి 27న, అంటే సరిగ్గా ఐదు రోజుల ముందు! తాతయ్య పుస్తకం మీద ‘12 న.పై.’ అని ఉంది. నా గుండె జారింది. ఇది మొదటి విడుదల నాటిది కాదేమో అనిపించింది. కానీ 12 ఏమిటి, పదో పదిహేనో కాకుండా? రెండు అణాలకు మారకం 12 నయా పైసలే. అంటే పాత ధరనే కొత్త లెక్కలోకి మార్చి వేసి ఉండాలి. నాణేలు మారిన తొలి రోజులదే అయ్యే అవకాశం ఎక్కువ.

రెండోది, చిరునామా. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. అంతకుముందు ‘మద్రాసు-17’ అని రాసేవాళ్లు, తర్వాత అదే 600 017 అయింది. ‘చెన్నై’ అని ఉంటే 1996 తర్వాతిదే. మా పుస్తకం వెనకట్ట మీద ఉన్నది ‘మద్రాసు-26’. ధర చెప్పినదానికి ఇది అడ్డు రాలేదు.

మూడోది, అచ్చు. పోస్టర్లకు ఇది ముఖ్యం. భూతద్దం పెట్టి చూడండి. చేత్తో గీసిన లితో పోస్టరులో రంగు క్రేయాన్ గీసినట్టు గరుకుగా ఉంటుంది, వరస చుక్కలు కనపడవు. ఆఫ్‌సెట్‌లో నాలుగు రంగుల చుక్కలు చిన్న చిన్న పువ్వుల్లా పేర్చినట్టుంటాయి. ఇంక్‌జెట్ ప్రింటయితే చుక్కలు చిందరవందరగా చల్లినట్టుంటాయి. ‘పాత ఒరిజినల్’ అని అమ్మేవాటిలో ఈ మూడో రకం దొరికితే దండం పెట్టి వచ్చేయండి.

నాలుగోది, కాగితం. నోట్లు చూసే యూవీ టార్చి చాలు. కాగితాన్ని తెల్లగా కనిపించేలా చేసే రసాయనాల వాడకం 1950ల నుంచే పెరిగింది. కాబట్టి 1940ల పోస్టరు అని చెప్పింది నీలంగా మెరిసిపోతుంటే అనుమానించాల్సిందే.

ఇదంతా ఎందుకంటారా? తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని ఏళ్ల తరబడి చెప్పుకున్నాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత ఆధారాలు వెతికి అది 1932 ఫిబ్రవరి 6 అని చూపించారు. మూకీల్లో చాలావాటి ప్రింట్లే ఇవాళ లేవు. ఫిల్ము పోయాక సాక్ష్యం చెప్పేది కాగితమే.

ఇక నా తప్పు కూడా చెప్పాలి. ఆ పెట్టెలోని ఇంకో పుస్తకం అట్ట చిరుగుతోందని వెళ్లి లామినేషన్ చేయించాను. అది మళ్లీ ఊడదీయలేనిది. చవక కాగితంలో ఉండే లిగ్నిన్, ఆమ్లాలు సెల్యులోజ్ గొలుసుల్ని తెంపుతూనే ఉంటాయి. ప్లాస్టిక్‌లో మూసేస్తే ఆ ఆమ్లం లోపలే ఉండిపోతుంది. సెల్లోటేపూ వద్దు, దాని జిగురు పసుపు మరకై కూర్చుంటుంది. తుప్పు పట్టిన పిన్ను జాగ్రత్తగా తీసి, ఆమ్లం లేని కాగితం మధ్య పెట్టి, పాలిస్టర్ కవరులో, వెలుతురూ తేమా తగలని చోట ఉంచండి. పోస్టరు మడతలు బలవంతంగా సాగదీయకండి.

చివరికి తాతయ్యని అడిగాను, “సినిమా మీ ఊరికి ఎప్పుడొచ్చింది?” అని. “కోతలయ్యాక వచ్చింది. బండి కట్టుకుని వెళ్లాం” అన్నారు. అప్పట్లో ప్రింట్లు తక్కువ, పట్నాల్లో ఆడాకగానీ చిన్న ఊళ్లకు వచ్చేవి కావు. కోతలయ్యాక అంటే 1958 మొదట్లో అన్నమాట. న.పై. లెక్క సరిపోయింది. తాతయ్య మాటా సరిపోయింది, ఆయన ఊరికి అదే మొదటి రిలీజు. పుస్తకాన్నే నమ్మి ఊరుకుంటే ఆయన్ని తప్పు పట్టేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట కూడా తేదీ వేసి రాసి, చీటీగా కవరులో పెట్టాను.

ఈసారి ఇంటికెళ్లినప్పుడు పాత కాగితాలు కొనేవాడు రాకముందే మీరూ అటక ఎక్కండి. దొరికినదాన్ని ముందు ఫోటో తీయండి, ఆ తర్వాత ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చోండి.